ఇరవై అడుగులకోసారి

"మధ్యాహ్నం దాటాక వాగులో కాలు పెట్టనివ్వను. ఒప్పుకుంటేనే గుర్రాలు."

దార్చాలో మేం గుర్రాల్ని మాట్లాడుకున్న రోజు ఆ గుర్రాల పెద్దాయన మాకు పెట్టిన మొదటి షరతు ఇది. కిరాయి మాట ఆ తర్వాతే ఎత్తాడు. మేం తలలూపాం కానీ, ఎందుకో అప్పుడు తెలియలేదు. నాలుగో రోజు తెలిసింది. పైన హిమానీనదాలు రాత్రంతా బిగుసుకుని ఉంటాయి. ఎండెక్కే కొద్దీ కరిగి, ఆ నీళ్లన్నీ మధ్యాహ్నానికి కిందికి చేరతాయి. తెల్లవారుజామున పిక్కల దాకా ఉన్న వాగు సాయంత్రం నాలుగింటికి నడుము దాకా వస్తుంది. ఒడ్డున నిలబడితే అడుగున బండరాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఒక్కసారి విన్నవాడు ఇక దాటతానని అనడు.

అది 1996 ఆగస్టు. మేం నలుగురం. హిమాచల్‌లో లాహౌల్ ప్రాంతపు దార్చా దగ్గర బయల్దేరి, షింగో లా కనుమ ఎక్కి లద్దాఖ్‌లోని జాంస్కర్ లోయలోకి దిగి, పదుమ్ మీదుగా ఉత్తరానికి నడిచి లామయూరులో లేహ్ వెళ్లే రోడ్డెక్కాలి. పంతొమ్మిది రోజులు అనుకున్నాం, ఇరవై రెండు పట్టింది.

పోయిన నెల మా అక్క కొడుకు ఒక వీడియో పంపాడు. "మావయ్యా, మీరు నడిచి ఎక్కిన కనుమ ఇదే కదా? మేం కార్లో వచ్చేశాం" అని. రంగురంగుల జెండాలు, వరసగా ఆగిన కార్లు, ఫోనులోకి దూరి బుసకొడుతున్న గాలి. అంతే ఉంది అందులో. వాడి ముఖం సంతోషంగా ఉంది, నాకూ సంతోషంగానే అనిపించింది. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. లేచి బీరువాలోంచి మ్యాపు తీశాను.

మ్యాపంటే అచ్చు మ్యాపు కాదు. నాలుగు జిరాక్సు కాగితాలు అతికించి, వెనక గుడ్డ అంటించినది. మడతల దగ్గర గీతలు చెరిగిపోయాయి. దాని నిండా పెన్సిల్‌తో రాసిన అంకెలు ఉంటాయి. దార్చా నుంచి పదుమ్ దాకా ఒక చేతిరాత, పదుమ్ నుంచి లామయూరు దాకా ఇంకో చేతిరాత. మొదటిది మాస్టారిది, రెండోది నాది. ఒక్క అంకె మాత్రం నా సగంలో ఉన్నా ఆయన చేత్తో రాసింది.

మాస్టారు మా ముగ్గురికీ హైస్కూల్లో జాగ్రఫీ చెప్పారు. మేం అక్కడికి వెళ్లేనాటికి ఆయన రిటైరై ఏడాది అయింది. మాలో ఒకడు డాక్టరు, ఒకడు బ్యాంకు ఉద్యోగి. నాకు అప్పటికి సరైన ఉద్యోగం లేదు. ఈ ప్రయాణం ఆయన ఆలోచనే. ఎన్నో ఏళ్లుగా ఆ దారి గురించి దొరికినదల్లా చదివి, ఊరూ వాగూ కనుమా పేరు పేరునా మ్యాపు మీద గుర్తు పెట్టుకున్నారు. మంచి నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, టెంటు వేసుకోవడానికి చదునైన నేల ఎక్కడ ఉంటుంది, అన్నీ. "పిల్లలకి ముప్పై ఏళ్లు హిమాలయాలు చెప్పాను. నేను మాత్రం చూడలేదు" అనేవారు.

మనాలీలో వాన. రోహ్‌తాంగ్ కనుమ దాటేదాకా కూడా వానే. దాటి అవతలికి దిగేసరికి ఆకాశం నీలంగా, కొండలు ఎర్రగా, నేల పొడిగా ఉంది. బస్సు కిటికీలోంచి చూస్తూ మాస్టారు, "వర్షచ్ఛాయా ప్రాంతం అని బోర్డు మీద బొమ్మ గీసేవాణ్ణి, గుర్తుందా? ఇదిగో, ఇప్పుడు ఆ బొమ్మ లోపల కూర్చున్నాం" అన్నారు. మబ్బులు దక్షిణం వాలులోనే నీళ్లన్నీ కుమ్మరించేసి, కొండ అవతలికి ఉత్త గాలిగా వస్తాయి. పుస్తకంలో రెండు లైన్లున్న ఆ సంగతి మధ్య మేం ఇరవై రెండు రోజులు నడిచాం.

ఆయనకో అలవాటు ఉండేది. ఎక్కేటప్పుడు ఎన్ని అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోందో లెక్కపెట్టేవారు. సాయంత్రం టెంటు దగ్గర ఆ అంకె మ్యాపు మీద ఆ చోట రాసేవారు. దార్చా దాటిన మొదటి ఎత్తు మీద 300 అని ఉంటుంది. మర్నాడు 220. మూడో రోజు జాంస్కర్ సుమ్‌దో దగ్గర 150. "ఎత్తు ఎంతో మీటర్లలో ఎవరైనా రాస్తారు. మన ఊపిరికి ఎంతో మనమే రాసుకోవాలి" అనేవారు.

అలసట గురించి చెప్పాలి. ఎవరికైనా ఈ ప్రయాణం గురించి చెప్తే కొండల గురించి అడుగుతారు, మంచు గురించి అడుగుతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది అలసటే.

అంతకు ముందు అలసట అంటే కాళ్ల నొప్పులనుకునేవాణ్ణి. అక్కడి అలసట వేరు. ఐదు వేల మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే ఉంటుంది. అంటే ఒక్కో ఊపిరికి మనకు అలవాటైనదాంట్లో సగం ఆక్సిజనే అందుతుంది. ఆ లోటు కాళ్ల కంటే ముందు మనసుకు తెలుస్తుంది. సాయంత్రం టెంటులోకి దూరి ఒక బూటు విప్పుతాం. రెండోది విప్పాలి. ఆ రెండో బూటు వంక చూస్తూ పావుగంట కూర్చునేవాణ్ణి. లేసు ముడి కనిపిస్తూనే ఉంటుంది. వేళ్లు అక్కడిదాకా వెళ్లవు. పక్కన బ్యాంకువాడు కూడా ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో అలాగే కూర్చుని ఉండేవాడు. ఒకరినొకరం చూసుకునేవాళ్లం, మాట్లాడుకునేవాళ్లం కాదు.

మాటలు తగ్గిపోయాయి. మొదటి రోజు పాటలు పాడాం. మూడో రోజుకి "నీళ్లు", "ఆగు", "పద", ఈ మూడే మిగిలాయి. నాలుగో రోజు రాత్రి చక్కెర చెంచా దగ్గర డాక్టరుకీ బ్యాంకువాడికీ పెద్ద గొడవైంది. చిన్నప్పట్నుంచి ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు, నువ్వు ఎక్కువ వేసుకున్నావంటే నువ్వు ఎక్కువ వేసుకున్నావని అరుచుకున్నారు. అరిచినందుకే ఇద్దరికీ ఆయాసం వచ్చింది. మాస్టారు ఏమీ అనలేదు. తన టీలో చక్కెర వేసుకోవడం మానేశారు. చివరిదాకా మళ్లీ వేసుకోలేదు.

రాత్రులు ఇంకా కష్టం. కునుకు పట్టగానే ఊపిరి ఆగిపోయినట్టయి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. చచ్చిపోతున్నానేమోనని టెన్షన్. పైకి వచ్చిన కొత్తలో నిద్రలో అలా అవుతుందని, శరీరం అలవాటు పడుతోందని డాక్టరు చెప్పాడు. తలనొప్పి పెరిగినా, అడుగులు తడబడినా, మాట తేడాగా వచ్చినా వెంటనే చెప్పమన్నాడు. అప్పుడు కిందికి దిగడం తప్ప వేరే మందు లేదన్నాడు. అందుకే ఒక రోజు ముందుకు నడవకుండా ఒకేచోట ఆగాం. పగలు కొంచెం పైకి ఎక్కి చూసి, రాత్రికి కిందికొచ్చి పడుకున్నాం. పెరిగిన మూడు రోజుల్లో అదొకటి.

ఆ ఆగిన రోజే బియ్యం సంగతి బయటపడింది. గుర్రం మీద బియ్యం మూటా కిరసనాయిలు డబ్బా పక్కపక్కన కట్టాం. డబ్బా మూత దగ్గర చిన్న చీలిక. మూట విప్పేసరికి ముక్కుపుటాలు అదిరాయి. మూడో వంతు బియ్యం తడిసి పసుపుపచ్చగా అయ్యాయి. పారేస్తే చివరి వారం తిండి ఉండదు. గోనెపట్టా పరిచి, తడిసినవి వేరు చేసి, మిగతావి ఎండలో ఆరబెట్టాం. గుర్రాలాయన ఒక గుప్పెడు తీసి వాసన చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపి, మళ్లీ పట్టా మీదే పోశాడు. ఆ ఎత్తులో నీళ్లు ఎనభై చిల్లర డిగ్రీలకే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఎప్పటికీ ఉడకదు. మూత తీసిన ప్రతిసారీ టెంటంతా కిరసనాయిలు వాసనే. ఎనిమిది రోజులు ఆ అన్నం తిన్నాం. ఇప్పటికీ పాత స్టవ్ వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది.

షింగో లా ఎక్కడానికి తెల్లవారుజామున మూడింటికి లేచాం. మంచు గట్టిగా ఉండగానే దాటాలి. ఎండకి మెత్తబడితే గుర్రాల కాళ్లు పొట్టదాకా దిగబడతాయి. టార్చిలైటు వెలుగులో ముందు గుర్రం తోక, దాని మెడలో గంట చప్పుడు, అంతే ప్రపంచం. తెల్లారేసరికి చుట్టూ తెల్లగా, పైన నల్లగా అనిపించేంత నీలం. ఏటవాలు పెద్దదేం కాదు. కింద ఊళ్లో అయితే పిల్లలు పరుగెత్తుతూ ఎక్కేస్తారు. ముప్పై అడుగులు వేసి ఆగేవాణ్ణి. కర్ర మీద నుదురు ఆనించి, గుండె చప్పుడు తగ్గేదాకా నిలబడి, మళ్లీ ముప్పై. నా వెనకే మాస్టారు. ఆయనకి నాకంటే ముప్పై ఏళ్లు ఎక్కువ, ఆయనా ముప్పై అడుగులకే ఆగుతున్నారు.

కనుమ ఎత్తు 5,090 మీటర్లు. పైన రాళ్లగుట్ట, దాని మీద కట్టిన జెండాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. గాలికి ఎగిరే ఆ జెండాల్ని గాలి గుర్రాలంటారు. గుర్రాలాయన టోపీ తీసి "కి కి సో సో లార్గ్యలో" అని గొంతెత్తి అరిచాడు. దేవతలకు జయం అని అర్థమట. మాస్టారు ఏమీ అరవలేదు. ఆ రాళ్లగుట్ట మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడ్డారు. క్లాసులో చివరి బెంచీవాడు కూడా మొదటిసారి సరైన జవాబు చెప్తే ఆయన ముఖంలో వచ్చే వెలుగొకటి ఉండేది. అదే చూశాను. తర్వాత చేతి తొడుగు విప్పి, పెన్సిల్ తీసి, 30 అని రాశారు.

అవతలికి దిగాక లోయ వెడల్పయింది. నిట్టనిలువుగా లేచిన గొంబోరంజన్ రాతికొండ రోజంతా కనిపిస్తూనే ఉంది. ఎంత నడిచినా దగ్గరకి రాదు, దాటాక వెనక్కి తిరిగితే ఎంతసేపటికీ దూరం కాదు. "ఇంకెంత దూరం?" అని ఎప్పుడడిగినా గుర్రాలాయనది ఒకటే జవాబు, "బస్, ఆధా ఘంటా." అరగంట అంటే మూడు గంటలని ఆరో రోజుకి మాకు అర్థమైంది. అయినా అడుగుతూనే ఉండేవాళ్లం. ఆయన గొంతులో ఆ మాట వింటే కాళ్లు కదిలేవి.

కర్గ్యాక్ దగ్గర మొదటి ఊరు. పచ్చటి బార్లీ చేలు, మట్టి ఇళ్లు, ఇంటి పైకప్పుల మీద చలికాలానికి ఆరబెట్టిన గడ్డి మోపులు. ఊరి మొదట్లో మంత్రం చెక్కిన రాళ్లతో కట్టిన మణిగోడలు ఉంటాయి. అవి మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలి. ఒక సాయంత్రం కాళ్లు ఈడ్చుకుంటూ వస్తుంటే అలాంటి గోడ ఒకటి, చాలా పొడుగుది, అడ్డొచ్చింది. దగ్గరి దారి తప్పు వైపున్నది. మేం ముగ్గురం అటే తిరగబోయాం. మాస్టారు ఒక్క మాట అనకుండా చుట్టుదారి పట్టారు. గుర్రాలు కూడా వాటంతటవే అటే వెళ్లాయి. మేం సిగ్గుపడి వెనక్కి వచ్చి వాళ్ల వెనక నడిచాం.

ఆ లోయలోనే ఒక ఊళ్లో, డాక్టరు ఉన్నాడని ఎలా తెలిసిందో, ఒక తల్లి ఒళ్లు కాలిపోతున్న పిల్లని ఎత్తుకొచ్చింది. నాలుగేళ్లుంటాయి. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఆసుపత్రి అంటే పదుమే. అక్కడికి మూడు రోజుల నడక. డాక్టరు తన దగ్గరున్న మాత్రల్ని సగానికీ పావుకీ విరిచి, పొట్లాలు కట్టి, సూర్యుడు ఇక్కడున్నప్పుడొకటి, అక్కడున్నప్పుడొకటి అని చేత్తో చూపించి చెప్పాడు. రెండు పూటలు అక్కడే ఆగాం. జ్వరం కొంచెం తగ్గింది. మేం బయల్దేరక తప్పలేదు. ఆ పిల్ల తర్వాత ఏమైందో మాకు తెలియదు. డాక్టరు ఇన్నేళ్లలో ఎన్నోసార్లు, వేరే ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "ఆ పిల్ల బతికే ఉంటుంది కదా" అని అడిగాడు.

అందుకే ఆ దారిన ఇప్పుడు రోడ్డు పడినందుకు బాధపడలేను. దార్చా, పదుమ్, నిమ్ము కలిపే ఆ రోడ్డు 298 కిలోమీటర్లు, 2024 మార్చిలో ఆ చివరా ఈ చివరా కలిశాయి. అదే ఏడాది జులైలో కనుమ కింద సొరంగం పని మొదలుపెట్టారు. అంతకు ముందు మంచు కాలమంతా జాంస్కర్ నుంచి బయటికి రావాలంటే గడ్డకట్టిన నది మీద నడవడమే, దాన్నే చాదర్ అంటారు. జబ్బు చేసినవాళ్లనీ, చదువుకునే పిల్లల్నీ ఆ మంచు మీద నడిపించి తీసుకెళ్లేవాళ్లు. మా ప్రయాణం ఇరవై రెండు రోజులు, మేం కోరి వెళ్లినది. వాళ్లకది కోరినది కాదు. ఆ తల్లికి ఆ రోజు ఒక జీపు ఉంటే చాలు.

పుర్నే దగ్గర రెండు నదులు కలుస్తాయి. అక్కణ్ణుంచి పక్క లోయలోకి వెళ్తే ఫుక్తాల్ గోంపా, అంటే బౌద్ధ మఠం. కొండ మధ్యలో పెద్ద గుహ, ఆ గుహ నోట్లోంచి కిందికి జారినట్టు తేనెపట్టు గదుల్లాంటి తెల్లటి ఇళ్లు. అక్కడ ఒక రాతి పలక మీద హంగరీ దేశస్థుడు అలెగ్జాండర్ చోమా పేరు ఉంది. ఆ రాత్రి టెంటులో మాస్టారు ఆయన కథ చెప్పారు. తన జాతి మూలాలు ఆసియాలో ఎక్కడో ఉన్నాయని వెతుక్కుంటూ 1819లో ఇల్లు వదిలి, చాలా దూరం కాలినడకనే వచ్చి, 1823లో జాంగ్లా అనే ఊరు చేరాడట. చిన్న గదిలో, మంట కూడా లేకుండా, గొర్రెతోలు కప్పుకుని ఒక లామా దగ్గర టిబెటన్ నేర్చుకున్నాడు. 1825లో మళ్లీ వచ్చి ఫుక్తాల్‌లో ఉన్నాడు. ఆయన కూర్చిన టిబెటన్, ఇంగ్లీషు నిఘంటువు 1834లో కలకత్తాలో అచ్చయింది. లాసాకి బయల్దేరి, దారిలో జ్వరంతో 1842లో డార్జిలింగ్‌లో పోయాడు. "వెతికింది దొరకలేదు. దారిలో దొరికింది మాత్రం ప్రపంచానికి మిగిలింది" అన్నారు మాస్టారు. ఆ కథ చెప్తున్నంతసేపూ ఆయన ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుకుంటూనే ఉన్నారు. అప్పుడు నేను గమనించనట్టే ఉన్నాను.

మర్నాడు ఆయన కుడి బూటు అడుగు ఊడిపోయింది. నోరు తెరుచుకున్నట్టు వేలాడింది. తాడుతో కట్టి కాసేపు నడిచారు, లాభం లేకపోయింది. గుర్రాలాయన జీను సంచిలోంచి ఒక దబ్బనం తీశాడు. గుర్రాల పట్టెడలు కుట్టుకునే దబ్బనం అది, పిడి చెక్కది, నూనెకి నల్లబడి ఉంది. రాతి మీద కూర్చుని, బూటుని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, జడల బర్రె వెంట్రుకలతో పేనిన దారం నోట్లో తడిపి, ఒక్కో కుట్టూ వేసి లాగుతుంటే ఆయన వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఇరవై మూడు కుట్లు. నేను లెక్కపెట్టాను. అది చూస్తూ ఉండటం తప్ప ఆ గంటలో నాకు ఇంకేమీ చేయాలనిపించలేదు. ఆ బూటు మిగతా అన్ని బూట్ల కంటే ఎక్కువ కాలం నిలిచింది. కాని మోకాలికి దబ్బనం లేదు.

పదుమ్ చేరేసరికి మాస్టారి మోకాలు బూరెలా ఉబ్బింది. డాక్టరు చూసి, తల ఎత్తకుండానే, "ఇంక ఒక్క కనుమ కూడా వద్దు మాస్టారూ" అన్నాడు. అప్పటికే పదుమ్ నుంచి కార్గిల్‌కి రోడ్డు ఉంది. రెండు రోజుల ప్రయాణం. మర్నాడు తెల్లారే బస్సు. ఆయన వాదిస్తారనుకున్నాం. వాదించలేదు. సరేనని తలూపి, టెంటు బయట కూర్చుని, చాలాసేపు మేం వెళ్లాల్సిన ఉత్తరం వైపు కొండల్ని చూశారు.

రాత్రి నేను ఆయన దగ్గరికి వెళ్లి, "మాస్టారూ, మీతో నేను తోడు వస్తాను" అన్నాను. ఆ మాటలో సగం నిజం. మిగతా సగం నా కాళ్లది. కనుమ దిగినప్పట్నుంచీ నాకు బస్సు సీటు కలలోకొస్తోంది. ఆయన నా వంక చూసిన చూపులో ఆ రెండు సగాలూ తెలిసిపోయాయని నాకు అర్థమైంది.

"బస్సులో కూర్చోడానికి తోడెందుకు నాయనా?" అని, కోటు లోపలి జేబులోంచి మ్యాపు తీసి నా చేతిలో పెట్టారు. "దీంట్లో ఇంకా సగం ఖాళీగా ఉంది. నింపుకుని రా." పెన్సిల్ కూడా ఇచ్చారు. దాని చివర ఆయన పంటి గాట్లు.

పొద్దున బస్సు ఎక్కేటప్పుడు గుర్రాలాయన వచ్చి "మాస్టర్‌జీ" అని ఆయన రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. బస్సు దుమ్ములో కనిపించకుండా పోయేదాకా ఎవరమూ కదల్లేదు.

తర్వాతి పదకొండు రోజుల గురించి నేను ఎవరికీ పెద్దగా చెప్పను. మొదటి సగమంతా గుంపుగా గుర్తుంటే, రెండో సగం ఒంటరిగా గుర్తుంది, పక్కన ఇద్దరున్నా. కర్షా, పిషూ, హనుమిల్. జాంస్కర్ నది పక్కన ఇసుకలో నడక, నీడన్నది లేదు. నీడ దొరికితే చలి, ఎండలోకొస్తే మంట. పెదాలు చీలి నెత్తురు కారేది. ప్రతి పొద్దునా గుర్రాలు రాత్రి గడ్డి వెతుక్కుంటూ ఎటో పోతే వాటిని పట్టుకురావడానికి రెండు గంటలు. పర్ఫీ లా ఎక్కి, అవతల అంతకంటే లోతుకి దిగి, మళ్లీ హనుమా లా ఎక్కాలి. ఎక్కినదంతా దిగిపోతుంటే ఏడుపొచ్చేది. లింగ్‌షెడ్ గోంపా అల్లంత దూరాన కనబడి, చేరేసరికి సాయంత్రమైంది.

కానీ ప్రతి సాయంత్రం మ్యాపు తీసేవాణ్ణి. రెండో బూటు విప్పకముందే. ఇక్కడ నీళ్లున్నాయి, ఇక్కడ లేవు, ఈ వాగు పొద్దున ఏడింటికి మోకాలి లోతు, ఇక్కడి ఎత్తు మీద 90, హనుమా లా మీద 40. మాస్టారు అడుగుతారని అన్నీ గమనించేవాణ్ణి. ఒకచోట రెండు దారులు చీలితే, ఏది ఎటు పోతుందో చూసి రాయడానికని వెనక్కి కూడా వెళ్లాను. బ్యాంకువాడికి నాకు పిచ్చి పట్టిందేమోననిపించింది. తర్వాత రెండో రోజు నుంచి వాడూ నాతో పాటు అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

సింగే లా అంటే సింహం కనుమ. ఎత్తు దాదాపు 5,000 మీటర్లు. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదు, ముందు రాత్రంతా వాంతులు. గాలి ఎదురుగా తోస్తోంది. ఎలా ఎక్కానో వరసగా గుర్తులేదు. ముక్కలు ముక్కలుగా గుర్తుంది. గుర్రాలాయన తన నడుముపట్టీ నా చేతికిచ్చి రెండో కొస తాను పట్టుకుని ముందు నడవడం, పైన జెండాలు కొరడాల్లా చప్పుడు చేయడం, డాక్టరు నా చెంపలు రుద్దడం. పెన్సిల్ తీయడానికి వేళ్లు రాలేదు. కిందికి దిగాక రాద్దామనుకున్నాను, రాయలేదు. ఆ తర్వాత ఫోతోక్సర్, సిర్‌సిర్ లా, హనుపట్టా. గోడల్లాంటి కొండల మధ్య సన్నటి దారి. ఒక మధ్యాహ్నం, పసుపు మట్టి మడతల మధ్య లామయూరు గోంపా, దాని కింద తారు రోడ్డు, దాని మీద ఒక లారీ. ముగ్గురం రోడ్డు పక్కన కూర్చున్నాం. గుర్రాలాయన కళ్లేలు విప్పి గుర్రాల్ని గడ్డికి వదిలాడు.

మాస్టారి ఇంటికి వెళ్లేసరికి ఆయన మంచం మీద, మోకాలికి కట్టుతో ఉన్నారు. కాఫీ, కుశలం ఏమీ లేవు. "ఏదీ?" అన్నారు. మంచం మీదే మ్యాపు పరిచాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, చూపుడు వేలు పదుమ్ మీద పెట్టి, అక్కణ్ణుంచి నెమ్మదిగా పైకి జరపడం మొదలుపెట్టారు. ప్రతి అంకె దగ్గరా ఆగారు. ఈ వాగుకి వంతెన లేదా? ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు? ఇక్కడ మట్టి ఏ రంగు? నేను చెప్తున్నాను. చెప్తుంటే కాళ్ల కింద మళ్లీ ఆ రాళ్లు తగులుతున్నాయి. చీకటి పడింది, వాళ్లమ్మాయి వచ్చి లైటు వేసి వెళ్లింది.

వేలు సింగే లా దగ్గరికొచ్చి ఆగింది.

"ఇక్కడ రాయలేదేం?"

"రాయలేకపోయాను మాస్టారూ."

"ఊపిరి అందలేదా?"

"అందలేదు."

"ఎన్ని అడుగులకి ఆగావు?"

కాసేపు గుర్తు తెచ్చుకున్నాను. నడుముపట్టీ బిగుసుకోవడం, వదులవడం, మళ్లీ బిగుసుకోవడం.

"ఇరవై."

ఆయన చెయ్యి చాచారు. జేబులోంచి పెన్సిల్ తీసి ఇచ్చాను. నాలిక చివర తడి చేసుకుని, కనుమ గుర్తు పక్కనే, తన గుండ్రటి చేతిరాతలో 20 అని రాశారు.